అమ్మాబాపులను అల్ ఐన్ ఒయాసిస్‌కు తీసుకెళ్దామనుకుంటున్నాం, ఒక్కరోజు ప్లాన్ చెప్పండి

మంజీర తీరం (షార్జా) | డిసెంబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా అమ్మ, బాపు పది రోజుల కింద విజిట్ వీసా మీద వచ్చారు. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు. బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్, క్రీక్‌లో పడవ అన్నీ తిప్పాను. అమ్మ పిల్లలతో పాటు సంబరపడుతోంది. బాపు మాత్రం ఏది చూపించినా "మంచిగుంది బిడ్డా" అంటాడు, అక్కడితో సరి. సాయంత్రం కాగానే బాల్కనీలో కుర్చీ వేసుకుని, రోడ్డు మధ్యన నాటిన ఖర్జూరం చెట్లనే చూస్తూ కూర్చుంటాడు.

నిన్న అడిగాడు, "ఈడ ఈ చెట్లను గీస్తరా?" అని. బాపు నలభై ఏళ్ళు ఈత చెట్లు గీసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళ కింద చెట్టెక్కే మోకు పక్కన పెట్టాడు. ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇన్ని రోజులూ నాకు నచ్చినవి చూపించాను గాని, ఆయన కళ్ళకు ఏం కావాలో ఆలోచించలేదు.

అల్ ఐన్‌లో పెద్ద ఖర్జూర వనం ఉందని విన్నాను. వచ్చే శనివారం 13న వెళ్దామని. మేము ఆరుగురం: నేను, మా ఆవిడ, అమ్మ, బాపు, తొమ్మిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. బాపు పది నిమిషాలకు మించి ఏకధాటిగా నడవలేడు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయాలి. వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పండి, అది చూడదగ్గదేనా? ఇంకేం కలుపుకోవచ్చు?

ఎడారి వెన్నెల (అల్ ఐన్) | డిసెంబర్ 7, రాత్రి 10:25

తమ్ముడూ, పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. మీ బాపును తీసుకురావలసిన చోటు ఇదే. నిశ్చింతగా రండి.

పార్కు అనగానే గడ్డి, ఊయలలు, ఫౌంటెన్లు అనుకోకండి. ఇది ఇప్పటికీ సాగులో ఉన్న తోట. ఊరి నడిబొడ్డున లక్షా 47 వేల ఖర్జూర చెట్లు ఉన్నాయని చెప్తారు, దాదాపు వంద రకాలు. అందులో ఒక్కొక్క మడి ఒక్కొక్క కుటుంబానిది. మడికీ మడికీ మధ్య నడుమెత్తు మట్టి గోడలు, గోడల మధ్య సన్నటి దారులు. బయట ఎంత ఎండ ఉన్నా లోపల అడుగు పెట్టగానే చల్లదనం తెలిసిపోతుంది. పైన ఖర్జూరం మట్టలు గొడుగు పట్టినట్టుంటాయి, వాటి నీడలో మామిడి, నిమ్మ, అంజూర, అరటి, అన్నిటికన్నా కింద పశువుల మేత గడ్డి. మూడు అంతస్తుల సేద్యం. రైతు బిడ్డలకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

లోపలికి టికెట్ లేదు. దారులన్నీ చదునుగా పరిచారు, చక్రాల కుర్చీ హాయిగా వెళ్తుంది. నడవలేనివాళ్ళ కోసం చిన్న ఎలక్ట్రిక్ బండ్లు కూడా తిప్పుతుంటారు, కానీ వాటినే నమ్ముకుని రాకండి. మడత కుర్చీ ఒకటి కారులో వేసుకోండి. పడమటి గేటు దగ్గర దిగితే ఎకో సెంటర్ ఉంది. ఈ తోట ఎలా బతుకుతోందో పిల్లలకు బొమ్మలతో చూపిస్తారు. యూఏఈ తొలి అధ్యక్షుడు షేక్ జాయద్ 1966 దాకా నివసించిన ప్యాలెస్, ఇప్పుడు మ్యూజియం, అదీ ఆ పక్కనే.

ఒక్క సంగతి మీ బాపుకు ముందే చెప్పండి. ఇక్కడ చెట్టు గీయరు, పండు కోసమే పెంచుతారు. డిసెంబర్ కనుక గెలలు కూడా ఉండవు. పచ్చి ఖర్జూరం చూడాలంటే జూన్, జూలైల్లో రావాలి, ఆ ఎండల్లో పెద్దవాళ్ళను తీసుకురావద్దు.

గోదారి గట్టు (దుబాయ్) | డిసెంబర్ 7, రాత్రి 11:05

బ్రదర్, ముందు కారు సంగతి చూడండి. మీది అయిదు సీట్ల బండి అయితే ఆరుగురు కూర్చోవడానికి లేదు. "పిల్లాడే కదా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం" అంటే ఇక్కడ కుదరదు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. మీ పాపకు పదేళ్ళు నిండలేదు కాబట్టి ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. ఒక్కరోజుకు ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకోండి. బాపును ముందు కూర్చోబెట్టండి, కాళ్ళు చాపుకోవడానికి చోటు ఉంటుంది, దారి కూడా బాగా కనిపిస్తుంది.

షార్జా నుంచి ఎమిరేట్స్ రోడ్డు పట్టుకుని ఈ-66 (దుబాయ్-అల్ ఐన్ హైవే) ఎక్కండి. సాలిక్ టోల్ గేట్లు తగలవు.

పెన్నా ఇసుక (అబుదాబి) | డిసెంబర్ 8, ఉదయం 6:50

మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది అనంతపురం జిల్లా. మా నాయన అయిదు బోర్లు వేయించినాడు, మూడు ఎండిపోయినాయి. అందుకే అల్ ఐన్ వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు చెట్ల మీద కాకుండా నీళ్ళ మీదే ఉంటాయి. మీ బాపును కూడా ఆ కాలువ పక్కన కాసేపు కూర్చోబెట్టండి.

ఆ కాలువను ఫలజ్ అంటారు. కొండ పాదంలో ఎక్కడ ఊట ఉందో చూసి అక్కడ లోతుగా తల్లి బావి తవ్వుతారు. దాని అడుగు నుంచి తోట దాకా భూమి లోపల సొరంగం, కంటికి తెలియనంత వాలుతో. మోటారు లేదు, ఏతం లేదు, కపిల లేదు, నీరు తన బరువుతో తానే నడిచి వస్తుంది. పైన ఎండ తగలదు కాబట్టి ఆవిరై పోదు. దారి పొడవునా నిలువు గుంతలు తవ్వుతారు, గాలి ఆడడానికి, పూడిక తీయడానికి. పక్కనే హిలీలో బయటపడ్డ ఫలజ్ దాదాపు 3000 ఏళ్ళ నాటిది. మీరు వెళ్ళే తోటకు ఐనీ, దావూదీ అని రెండు ఫలజ్‌లు. అసలు అల్ ఐన్ అంటేనే ఊట అని అర్థం.

నీళ్ళు వచ్చాక పంపకం ఇంకా గొప్పది. ఏ మడికి ఎంతసేపు పారాలో లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసే పెద్దమనిషిని అరీఫ్ అంటారు. పూర్వం పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు మార్చేవాళ్ళు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు ఆ కాలువల్లో కనిపించే నీళ్ళు చాలావరకు బోర్ల నుంచి తోడి పోస్తున్నవే. ఊరు పెరిగింది, తోడకం పెరిగింది, భూగర్భ జలం కిందికి దిగిపోయింది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన చోటే ఇట్లా ఉంటే మన ఊళ్ళ సంగతి చెప్పేదేముంది? నాకు అక్కడ నిలబడినప్పుడల్లా సంతోషం, దిగులు రెండూ కలుగుతాయి.

జహీరాబాద్ చెరకు (అజ్మాన్) | డిసెంబర్ 8, ఉదయం 8:15

పెన్నా అన్నా, మీరు చెప్పిన సొరంగం మా పక్కనే ఉందన్నా! జహీరాబాద్ నుంచి బీదర్ ఎంత దూరం, అరగంట ప్రయాణం. అక్కడ నౌబాద్ దగ్గర కరేజ్ అని ఉంటుంది, బహమనీ సుల్తాన్ల కాలంలో తవ్వించింది. ఇరాన్ నుంచి వచ్చిన విద్య. అదే నిలువు బావుల వరస, అదే భూమిలోపలి కాలువ. చిన్నప్పుడు ఆ బావుల్లోకి తొంగి చూసి రాళ్ళు వేసేవాళ్ళం. ఇరవై ఏళ్ళ తర్వాత ఎడారిలో మళ్ళీ అదే చూస్తానని అనుకోలేదు.

మంజీర అన్నా, బాపుకు అరీఫ్ అంటే అర్థం కాకపోతే "మన నీరటి" అని చెప్పండి. చెరువు తూము ఎత్తి ఏ మడికి ఎంత పారాలో చూసే నీరటికాయన ప్రతి ఊళ్ళో ఉండేవాడు కదా. వెంటనే పట్టేస్తాడు.

కొత్త చిగురు (దుబాయ్) | డిసెంబర్ 8, మధ్యాహ్నం 1:30

అంత దూరం వెళ్తూ ఒక్క తోటే ఎందుకు చూడాలి? పొద్దున 6కే బయలుదేరితే జూ, తోట, అల్ జాహిలీ కోట, హిలీ పార్కు, జబల్ హఫీత్ కొండ అన్నీ అయిపోతాయి. మేము ముగ్గురు ఫ్రెండ్స్ ఒక్కరోజులో చేశాం. పిల్లలకు జూ లేకపోతే బోర్ కొడుతుంది.

ఎడారి వెన్నెల (అల్ ఐన్) | డిసెంబర్ 8, సాయంత్రం 5:10

చిగురూ, కుర్రవాళ్ళు ముగ్గురు చేయగలరు నాన్నా. పెద్దవాళ్ళతో వద్దు. జూ ఒక్కటే పూటంతా పడుతుంది, అదంతా నడకే.

ఇది నాకు జరిగిందే, చెప్తాను. మూడేళ్ళ కింద మా అత్తగారు వచ్చినప్పుడు నేనూ ఇలాగే అన్నీ ఒకే రోజు పెట్టుకున్నాను. అదీ మే నెలలో. మధ్యాహ్నం రెండింటికి కోట చూసి కారు దాకా వస్తుండగా ఆవిడకు కళ్ళు తిరిగి అక్కడే కూలబడిపోయారు. "నీళ్ళు తాగితే మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్ళాలి, మీకు ఇబ్బంది" అని పొద్దుటి నుంచీ నీళ్ళు తాగలేదట. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. మన పెద్దవాళ్ళు అడగరు. మనమే అరగంటకోసారి గ్లాసు చేతికివ్వాలి, బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూపించాలి.

కాబట్టి నా మాట: ఉదయం తోట. మధ్యాహ్నం గ్రీన్ ముబజ్జరా. అంతే. అది జబల్ హఫీత్ కొండ కింద ఉంటుంది, పచ్చిక, వేడినీటి ఊటలు. సన్నటి కాలువలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేవమన్నా లేవరు. కాకపోతే ఊట మొదట్లో నీళ్ళు బాగా వేడిగా ఉంటాయి, బాబును అక్కడికి పోనివ్వకండి. కిందికి వచ్చేకొద్దీ గోరువెచ్చన. ఓపిక మిగిలితే సాయంత్రం కారులోనే కొండ పైదాకా వెళ్ళి రండి. దాదాపు 1240 మీటర్ల ఎత్తు, మంచి రోడ్డు, దిగి నడవాల్సిన పని లేదు.

కొత్త చిగురు (దుబాయ్) | డిసెంబర్ 8, సాయంత్రం 5:32

అక్కా, పెద్దవాళ్ళతో వెళ్ళడం గురించి నేను ఆలోచించలేదు. మీరన్నదే సరి. మార్చిలో మా అమ్మ వస్తోంది, ఈ థ్రెడ్ దాచుకుంటున్నాను.

మామిడి తాండ్ర (రాస్ అల్ ఖైమా) | డిసెంబర్ 8, రాత్రి 8:20

కారు లేనివాళ్ళు ఎలా వెళ్ళాలి? మేము క్యాంపులో నలుగురం ఉన్నాం, సెలవు దొరికితే చూడాలని ఉంది.

గోదారి గట్టు (దుబాయ్) | డిసెంబర్ 8, రాత్రి 8:45

దుబాయ్ అల్ గుబైబా బస్ స్టేషన్‌కు రండి. అక్కడి నుంచి అల్ ఐన్‌కు ఈ-201 బస్సు. టికెట్‌కు వాడే నోల్ కార్డులో డబ్బులు వేసుకోండి. అల్ ఐన్ బస్టాండు తోటకు దగ్గరే, నడిచి వెళ్ళిపోవచ్చు. శనివారం సాయంత్రం తిరుగు బస్సులకు క్యూ బాగా ఉంటుంది, నాలుగింటికే బస్టాండు చేరుకోండి.

పెన్నా ఇసుక (అబుదాబి) | డిసెంబర్ 9, ఉదయం 7:05

కారులో వెళ్ళేవాళ్ళకు ఒక జాగ్రత్త. దుబాయ్‌లో బోర్డు మీదున్న వేగానికి మరో 20 దాకా కెమెరా పట్టించుకోదు. ఆ అలవాటుతోనే ఈ-66 మీద అబుదాబి ఎమిరేట్ హద్దు దాటారో, ఫైన్ పడినట్టే. ఇక్కడ 2018 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. బోర్డు మీద ఎంత ఉంటే అంతే. మా బావమరిదికి పోను ఒకటి, రాను ఒకటి పడ్డాయి.

ఇంకొకటి. అల్ ఐన్ పక్కనే ఒమాన్ వాళ్ళ బురైమీ. హిలీ వైపు వెళ్ళినప్పుడు ఫోన్ ఒక్కోసారి ఒమాన్ నెట్‌వర్క్ పట్టేస్తుంది. రోమింగ్ ఆపేసుకోండి.

గోంగూర పచ్చడి (షార్జా) | డిసెంబర్ 9, ఉదయం 11:00

భోజనం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి అక్కాతమ్ముళ్ళూ. పులిహోర, పెరుగన్నం, వేయించిన మిరపకాయలు. పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి తోడు పెట్టండి, మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా ఉంటుంది. ఖర్జూర తోటలో చాపలు పరిచి తినకండి, అది వాళ్ళ పొలం. ముబజ్జరా పచ్చిక మీద తినండి, విస్తళ్ళు, కవర్లు మూట కట్టి చెత్తడబ్బాలో వేయండి.

మంజీర తీరం (షార్జా) | డిసెంబర్ 10, రాత్రి 10:15

ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఏడు సీట్ల బండి మాట్లాడాను. ఉదయం 7కు బయలుదేరి 9 లోపు పడమటి గేటు. పదకొండున్నర దాకా తోట, తర్వాత ముబజ్జరా, కొండ సంగతి అప్పటి ఓపికను బట్టి. జూ లేదని పాప కాస్త అలిగింది. ఫలజ్ గురించి చెప్పి, "తాతకు నువ్వే అన్నీ వివరించాలి" అన్నాను. పెన్నా అన్న రాసిందంతా నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది.

ఎడారి వెన్నెల (అల్ ఐన్) | డిసెంబర్ 12, రాత్రి 9:30

తమ్ముడూ, ఈ రెండు రోజులుగా తెల్లవారుజామున ఇక్కడ పొగమంచు దట్టంగా పడుతోంది. ఏడింటికి కాదు, ఎనిమిదింటికి బయలుదేరండి. దారిలో బోర్డుల మీద 80 అని వెలిగితే అందరితో పాటు 80లోనే రండి, హజార్డ్ లైట్లు వేసుకుని నడపకండి.

మంజీర తీరం (షార్జా) | డిసెంబర్ 14, సాయంత్రం 6:40

వెళ్ళొచ్చాం. రాత్రే రాద్దామనుకున్నాను, ఇంటికొచ్చేసరికి పది దాటింది.

అక్క చెప్పినట్టు ఎనిమిదింటికి బయలుదేరాం, అయినా సగం దారిలో మంచు తగిలింది. నెమ్మదిగా వెళ్ళి పదింటికి చేరాం. గేటు దాటి రెండు మలుపులు తిరిగేసరికి ఊరి చప్పుడు ఆగిపోయింది. బాపు మడత కుర్చీ కావాలనలేదు. గోడ మీద చెయ్యి ఆనించుకుని తనే ముందు నడిచాడు. ఒక చెట్టు దగ్గర ఆగి, మొదలు నుంచి మొవ్వు దాకా చూసి, మట్టలు నరికిన మొరళ్ళను వేలితో తడిమాడు. "మన ఈతకు పెద్దన్న ఇది. గీ చెట్టును ఎక్కుడు అలక, ప్రతి మొరడూ మెట్టే" అన్నాడు.

పాప నోట్‌బుక్ తెరిచి తల్లి బావి, సొరంగం అన్నీ చెప్పింది. బాపు మొత్తం విని కాలువ పక్కన కూర్చున్నాడు. చేత్తో నీళ్ళు తీసి నోట్లో వేసుకోబోతే నేను ఆపాను. "నీరటి ఎవరు ఈడ?" అని అడిగాడు. జహీరాబాద్ తమ్ముడూ, నేను ఇంకా ఆ మాట ఎత్తనే లేదు, ఆయనే అడిగాడు! బోర్ల సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మనకాడ గదే, ఈడ గదే" అన్నాడు.

అక్కడి నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఒకాయన చెట్టు మీద ఎండు మట్టలు కొడుతున్నాడు. పాకిస్తాన్ ఆయన, బాపు కంటే ఓ పదేళ్ళు చిన్న ఉంటాడు. నడుము వెనక వెడల్పాటి పట్టీ, దానికి కట్టిన తాడు చెట్టు చుట్టూ. బాపు అక్కడే నిలబడిపోయాడు. ఆయన తాడును పైకి ఎగరేసి, ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి వాలి పట్టు చూసుకోవడం, అంతా అచ్చం మోకుతో బాపు ఎక్కినట్టే. బాపు రెండు చేతులూ తెలియకుండానే ఆ తాడు ఎగరేసినట్టు కదులుతున్నాయి. మా ఆవిడ చూసి నా భుజం తట్టింది.

ఆయన దిగాక బాపు తన ఉర్దూలో పలకరించాడు. "మై భీ చడ్తా థా భాయ్, చాలీస్ సాల్." ఆ పెద్దాయన తన తాడు విప్పి బాపు చేతికిచ్చాడు. హాబూల్ అంటారట దాన్ని. బాపు ముడి ఎక్కడుందో చూశాడు, నడుము పట్టీని రెండు బొటనవేళ్ళతో లాగి చూశాడు, "మా మోకుకు ఇంత వెడల్పు ఉండదు, ఇది నడుముకు సుఖం" అన్నాడు. ఆడ చెట్టు, మగ చెట్టు వేరని, మగ పూత తెచ్చి ఆడ గెలల్లో చేత్తో కట్టాలని ఆయన చూపించి చెప్పాడు. ఇద్దరూ చెట్టు కింద కూర్చుని ముప్పావు గంట మాట్లాడుకున్నారు. మేము పిల్లలతో ఎకో సెంటర్ చూసి వచ్చినా వాళ్ళ మాటలు తెగలేదు. వెళ్ళేటప్పుడు అమ్మ మూట విప్పి ఆయనకు సకినాలు ఇచ్చింది. ఫోటో తీయవచ్చా అని అడిగితే ఆయన తలపాగా సర్దుకుని బాపు పక్కన నిలబడ్డాడు.

ముబజ్జరాలో కాళ్ళు వేడి నీళ్ళలో పెట్టుకుని అమ్మ గంటన్నర కూర్చుంది. కొండ ఎక్కలేదు, బాబు నిద్రపోయాడు. పాప జూ ఊసే ఎత్తలేదు.

వచ్చేటప్పుడు దారంతా బాపు మాట్లాడుతూనే ఉన్నాడు. తన చిన్నప్పుడు మా తాత తనకు చెట్టు ఎక్కడం ఎలా నేర్పాడో మొదటిసారి చెప్పాడు.

పెన్నా ఇసుక (అబుదాబి) | డిసెంబర్ 14, సాయంత్రం 7:20

"మనకాడ గదే, ఈడ గదే." మా నాయనకు ఫోన్ చేసి ఈ మాట చెప్పినాను అన్నా.

జహీరాబాద్ చెరకు (అజ్మాన్) | డిసెంబర్ 14, సాయంత్రం 7:45

బాపుకు నా దండాలు చెప్పన్నా. ఇంటికి వెళ్ళాక ఒకసారి బీదర్ కూడా తీసుకెళ్ళండి.

మంజీర తీరం (షార్జా) | డిసెంబర్ 14, రాత్రి 9:10

ఎడారి వెన్నెల అక్కా, ఒక్క ప్రశ్న. మగ పూత కట్టే పని ఎప్పుడు మొదలవుతుంది? బాపు పొద్దుటి నుంచి ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. ఆ పెద్దాయన "అప్పుడు రా, చూపిస్తాను" అన్నాడట.

ఎడారి వెన్నెల (అల్ ఐన్) | డిసెంబర్ 14, రాత్రి 9:30

ఫిబ్రవరిలో తమ్ముడూ, మార్చి దాకా సాగుతుంది. పూత పొత్తులు పగలడం మొదలవగానే నేను వెళ్ళి చూసి ఇక్కడే రాస్తాను. ఈసారి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో.

మంజీర తీరం (షార్జా) | డిసెంబర్ 14, రాత్రి 9:42

వీసా జనవరి ఆఖరు దాకానే ఉంది అక్కా. పొడిగించడానికి ఏం కావాలో రేపు పొద్దున్నే వెళ్ళి అడుగుతాను.